అమాసకు గడి లేదు

మా బాపు చేతులకు ఎప్పుడూ వార్నిష్ వాసన. అన్నం కలిపి నా నోట్లో ముద్ద పెడితే ఆ ముద్దకూ అదే వాసన. అమ్మ సబ్బులు మార్చింది, సున్నిపిండి పెట్టి రుద్దించింది, చివరికి విసుగొచ్చి "నేను మనిషిని చేసుకున్ననా, మోటరును చేసుకున్ననా" అని కేకలేసేది. నాకు మాత్రం ఆ వాసనంటే ప్రాణం. ఇప్పటికీ కొత్తగా వార్నిష్ పూసిన తలుపేదైనా ఎదురైతే ఒక నిమిషం అక్కడే నిలబడిపోతాను. పక్కనున్నవాళ్లు ఏమైందని అడుగుతారు. ఏమని చెప్పను?

నకిరేకల్‌లో పాత రోడ్డు మీద, సినిమా టాకీసుకు ఎదురుగా ఉండేది బాపు వైండింగ్ షాపు. చుట్టుపక్కల ఊళ్ల బావుల మీద కాలిపోయిన మోటార్లు అక్కడికి వచ్చేవి. మాడిన రాగితీగను పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి, మళ్లీ గిర్రున తిరిగేలా చేసి పంపేవాడు. షాపుకు బోర్డు లేదు. పెట్టించమంటే, "టాకీసు కాడి వైండింగ్ అంటే నకిరేకల్‌ల ఎవలైన చూపిస్తరు. బోర్డెందుకు, రేకు దండుగ" అనేవాడు. ఆ మాట నిజమే. బస్సు దిగిన రైతు ఎవరినడిగినా చెయ్యి చాపి చూపించేవాళ్లు.

మాకు ఆదివారం సెలవు కాదు, అమావాస్య సెలవు. మా దిక్కున పనిముట్టు పట్టి బతికేవాళ్లలో చాలామందికి అంతే. మేస్త్రీలు, వడ్రంగులు, మోటారు మెకానిక్కులు అమావాస్య నాడు పని పట్టరు. ఆ రోజు పొద్దున బాపు తలస్నానం చేసి షాపుకు పోయి, తీగ చుట్టే మిషనుకూ పానాలకూ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఊదుబత్తి ముట్టించి, షట్టర్ దించి తాళం వేసి వచ్చేసేవాడు. చేతికి నొక్కుడు ఫోను వచ్చాక దానికీ కుంకుమ బొట్టు పెట్టి, బందు చేసి సొరుగులో పడేసేవాడు. "ఇది గూడ పనిముట్టే, దీనికి గూడ జర ఆరాం గావాలె" అని వాదన. ఇక ఆ మధ్యాహ్నమంతా ఆయన మాకే. నా జడ వేసేవాడు. తీగ చుట్టిన చెయ్యి కదా, వెంట్రుక కదలకుండా బిగించేవాడు. సాయంత్రానికి నాకు తలనొప్పి వచ్చేది, అయినా విప్పనిచ్చేదాన్ని కాదు. బళ్లో పిల్లలు ఆదివారం కోసం చూస్తే నేను గోడ మీది క్యాలెండర్‌లో నల్ల సున్న కోసం చూసేదాన్ని.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు అంతా మారిపోయింది. టాకీసు కూలగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు. బండ్లన్నీ ఊరి బయట బైపాస్ మీదుగా పోతున్నాయి. కొత్త వైండింగ్ షాపులు అక్కడే వెలిశాయి, ఒక్కొక్కటి ముందర మంచమంత బోర్డు. పాత రైతులు పొలం పనులు కొడుకులకు అప్పజెప్పారు. ఆ కొడుకులు టాకీసు గుర్తుతో వచ్చేవాళ్లు కారు, దారి ఎవరినీ అడిగేవాళ్లూ కారు. ఫోన్ తీసి వెతుకుతారు, అది ఎటు పొమ్మంటే అటు పోతారు. బాపు షాపులో రోజుల తరబడి ఒక్క మోటారూ దిగేది కాదు. ఆయన ఖాళీగా కూర్చోలేడు, ఉన్న పానాలనే మళ్లీ మళ్లీ తుడిచేవాడు.

అప్పుడే హైదరాబాదులో ఉండే మా మేనమామ కబురు పెట్టాడు. ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్ కావాలట, కింద ఒక గది కూడా ఇస్తారట. రెండు రోజులు బాపు ఎప్పటిలాగే షాపు తీసి కూర్చున్నాడు. మూడో రోజు అన్నం తింటూ, "ఉగాది దాక చూస్త. గిరాకి రాకుంటే షాపు జాగా ఇడిసిపెట్టి పోదాం" అన్నాడు. అమ్మ తల వంచుకుని పప్పు వడ్డించింది. నేను మాత్రం కంచం నెట్టేసి లేచాను. నాకు కోపమొస్తే అన్నం మీద చూపించే రోగం చిన్నప్పటి నుంచీ ఉంది. మోటారు మీద చెయ్యి వేసి లోపల ఏ చుట్టు కాలిందో చెప్పే మనిషి, ఎవరో కారులో వస్తే లేచి గేటు తీయాలా?

అప్పుడు నేను నకిరేకల్‌లోనే ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. ఒక రోజు క్లాసు అయిపోయాక "నకిరేకల్ మోటార్ వైండింగ్" అని ఫోన్‌లోని మ్యాపులో కొట్టి చూశాను. నాలుగు షాపులు వచ్చాయి. అందులో ఒకటి పెట్టి ఏడాది కూడా కాలేదు, దాని యజమాని బాపు దగ్గర పని నేర్చుకున్నవాడే. బాపు షాపు లేదు. ముప్పై ఏళ్లుగా అక్కడ కూర్చున్న మనిషి ఆ పటంలో లేనే లేడు. పిల్లలకు వెతకడం నేర్పే పంతులమ్మను, నాకింత కాలం ఈ ఆలోచన రాలేదే అని నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ఆ సాయంత్రమే బాపు షాపును ఆ పటంలో ఎక్కించడం మొదలుపెట్టాను. షాపు నిజంగా అక్కడే ఉందని రుజువు కావాలి కాబట్టి పోస్టులో ఒక కార్డు వస్తుందనీ, దాని మీది అంకెలు ఫోన్‌లో కొట్టాలనీ రాసి ఉంది. వారం చూశాను, రెండు వారాలు చూశాను, కార్డు రాలేదు. పోస్టుమన్‌ని రోడ్డు మీద నిలబెట్టి అడిగితే, "మీ బాపు చేతికే ఇచ్చిన గదమ్మా" అన్నాడు. ఇంటికి వచ్చి నిలదీశాను. బాపు కాస్త నీళ్లు నమిలి, దేవుని పటం వెనక నుంచి కార్డు తీశాడు.

"ఇంగిలీషుల ఉన్నది బిడ్డా. నోటీసు అనుకున్న. మీ అమ్మ చూస్తే పరేషాన్ అయితదని దాసిన."

"ఎవలు ఇస్తరు నీకు నోటీసు? ఏం దొంగతనం చేసినవని?"

"ఏమో, నోటీసులకు దొంగతనమే చెయ్యాల్నా?" అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ కోపం నటించి కార్డు లాక్కున్నాను.

షాపు పేరు దగ్గర ఇంకో తంటా. నేను గొప్పగా ఉంటుందని దేవుడి పేరు ముందు పెట్టి "ఎలక్ట్రికల్ వర్క్స్" అని తగిలించాను. పది రోజులు గడిచినా ఒక్క ఫోను లేదు. ఆఖరికి ఒక పాత రైతు కొడుకు వచ్చి, "టాకీసు కాడి వైండింగ్ అని కొట్టిన, ఏం రాలే. మా నాయిన గట్లనే చెప్పిండు మరి" అన్నాడు. తిట్టుకుంటూ పేరు మార్చి, జనం నోట్లో ఉన్నదే పెట్టాను: టాకీసు కాడి వైండింగ్ షాపు. ఫొటో కోసం బాపు తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నంత బిగుసుకుని మిషను పక్కన కూర్చున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి "నన్ను చూడ వచ్చిన నాడు గూడ గింత తయారుగాలే" అని దెప్పింది.

ఇక మిగిలింది పనివేళలు. బాపును అడిగాను, సెలవు ఎప్పుడు పెట్టాలని.

"అమాసకు. తెల్వదా నీకు?"

నాకు తెలియకేం. కానీ అక్కడ ఆదివారం నుంచి శనివారం దాకా ఏడే గడులున్నాయి. ఏ వారం సెలవో ఆ గడి నొక్కాలి. అమావాస్య ఒకసారి మంగళవారం వస్తుంది, ఒకసారి శుక్రవారం వస్తుంది. దానికి గడి లేదు. నేను ఒక్క క్షణం ఆగాను. నెలకు ఒక్క రోజే కదా, ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. ఏడు రోజులూ తెరిచి ఉంటుందని పెట్టేసి, ఆ మాట బాపుకు చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయమని నాకు తోచలేదు.

పది రోజుల్లో ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోను చేసినవాడు ఏ సినిమా ఆడుతుందని అడిగాడు. రెండోవాడు టిక్కెట్లు ఉన్నాయా అన్నాడు. బాపు ఓపికగా "టాకీసు కూలగొట్టిండ్రు బిడ్డా, ఇది మోటార్ల షాపు, నీ ఇంట్ల మోటరు ఏమన్న ఖరాబైతే తీస్కరా" అని జవాబిచ్చాడు. తర్వాత అసలువాళ్లు వచ్చారు. కేతేపల్లి దిక్కు నుంచి ఒకరు, ఇంకెక్కడి నుంచో ఇద్దరు, అందరూ కొత్త ముఖాలే. "ఫోన్ల చూసి వచ్చిన్రట" అని బాపు ఇంటికి రాగానే చెప్పేవాడు. ఆ గొంతులో సంబరం విని అమ్మ నావైపు చూసి కళ్లతోనే నవ్వేది. మ్యాపులో షాపు పేరు కింద మంచి మాట రాయమనీ స్టార్ చుక్కలు పెట్టమనీ రైతులను అడగమంటే మాత్రం బాపు ఒప్పుకోలేదు. "మెచ్చుకొమ్మని అడుక్కుంటమా? సిగ్గులేదా?" అన్నాడు. నేనే ఆయన చూడకుండా అడిగి తొమ్మిది మందితో అయిదేసి చుక్కలు పెట్టించాను. ఉగాది గండం గట్టెక్కుతుందనే అనిపించింది.

శివరాత్రి వెళ్లింది, అమావాస్య వచ్చింది. బాపు ఎప్పటిలాగే పూజ చేసి, ఫోను బందుపెట్టి, షాపుకు తాళం వేశాడు. ముగ్గురం కేతేపల్లిలో అమ్మమ్మగారింటికి పోయి పొద్దుగూకినాక వచ్చాం. చాలా రోజుల తర్వాత బాపు మనసారా నవ్విన రోజు అది. అంతకుమించి నాకేమీ గుర్తు లేదు.

రెండు వారాలు దాటాక బడిలో ఖాళీ గంట చూసుకుని ఫోన్ తీశాను. మా షాపు కింద కొత్త మాట ఒకటి ఉంది. ఒకటే చుక్క. "తెరిచి ఉంది అని ఫోన్ల పెట్టిండ్రు. మోత్కూరు అవతల నుంచి ఆటో కిరాయికి మాట్లాడుకొని మోటరు తెచ్చినం. తాళం ఉంది. ఫోన్ చేస్తే బందు. మా నాయిన పొలం ఎండిపోయింది. మోసం." నాకు ఒళ్లు మండింది. అమావాస్య నాడు ఎవడు తీస్తాడు షాపు, ఆమాత్రం తెలియదా అని గబగబా జవాబు రాసేశాను. పంపే ముందు ఎందుకో చెయ్యి ఆగింది. సాయంత్రం షాపుకు పోయి బాపుకు చదివి వినిపించాను. చివరి మాట మింగేద్దామని చూశాను గానీ నా ముఖం చూసి పట్టేశాడు.

"ఆఖర్ల ఏముంది? సదువు."

"మోసం అని రాసిండ్రు."

బాపు చేతిలో రాగితీగ చుట్ట ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లలో ఆయన్ను ఆలస్యం చేశాడన్నారు, చాదస్తుడన్నారు. ఈ మాట మాత్రం ఎవ్వరూ అనలేదు.

"అమాస నాడు వస్తే తాళం కాకుంటే ఏముంటది బాపూ? వాళ్లకు తెల్వదా? నేను మంచిగ బుద్ధి చెప్పి రాసిన, పంపమంటవా?" అన్నాను.

"తెరిచి ఉన్నదని ఎవలు పెట్టిండ్రు?"

నేను ఫోన్‌ను సంచిలో పెట్టేశాను.

"నిన్నే బిడ్డా."

"ఏడే గడులున్నయి బాపూ. ఆదివారం సోమవారం గట్ల. అమాసకు గడి లేదు. ఒక్క దినమే గదా అనుకున్న."

"మరి నన్నొక్క మాట అడగొద్దా?" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి, పక్కనున్న హోటల్‌కు పోయి, అమావాస్య నాడు ఎవరైనా వచ్చారా అని అడిగాడు. ఆ హోటలాయనకు అంతా గుర్తుంది. ఒక పెద్దమనిషి, చదువుకునే పిల్ల, ఆటో ట్రాలీలో మోటారు. మధ్యాహ్నం దాకా మెట్ల మీదే కూర్చున్నారట. అమావాస్య ఆయన తీయడని చెబితే, ఆ పిల్ల ఫోన్ చూపించి "గిండ్ల తెరిచే ఉంది" అందట. బాపు తిరిగి వచ్చి పానాల సంచి సర్దాడు. "రేపు బడికి సెలవు పెట్టు. గా మనిషి నన్ను ఎతుక్కుంట వచ్చిండు. ఇప్పుడు మనం ఆయన్ను ఎతకాలె."

"ఊరు తెల్వదు, పేరు తెల్వదు, ఎట్ల ఎతుకుతవ్?" అన్నాను. బాపు అప్పటికే షట్టర్ దించుతున్నాడు.

మరునాడు నా స్కూటీ మీద బయల్దేరాం. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. మోత్కూరు దాటాక కనబడిన ప్రతి ఊళ్లోనూ బాపు బండి ఆపించి ఒకటే మాట అడిగాడు: "మొన్న అమాస నాడు మోటరు ఏసుకొని నకిరేకల్ పోయింది ఎవలు?" మొదటి ఊళ్లో తల అడ్డంగా ఊపారు. రెండో ఊళ్లో పాలకేంద్రం దగ్గర ఒక ముసలమ్మ వెంటనే అందుకుంది. "అమాస పూట మోటరు ఎవలేసుకపోతరు అని మేమందరం మొత్తుకున్నం. ఇన్నడా? గా మూలమలుపు కాడ ఇల్లు" అని చెయ్యి చాపి చూపించింది. ఫోనూ లేదు, పటమూ లేదు, పావుగంటలో మనిషి దొరికాడు.

ఆయన పొలం దగ్గర ఉన్నాడని చెబితే అక్కడికే పోయాం. దూరం నుంచే కనబడింది. రెండు మడులు పచ్చగా ఉన్నాయి. మిగిలినదంతా తెల్లబడి, నేల నెర్రెలు విచ్చి, అందులో గొర్రెలు మేస్తున్నాయి. వరి పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్లు అందక, గింజ పట్టక తాలు పోతే ఇక కోత కోయరు, గొర్రెలకు వదిలేస్తారు. బావి గట్టు మీద ఆ రైతు కూర్చుని ఉన్నాడు, బాపు వయసే ఉంటుంది. పక్కన పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక పిల్ల, డిగ్రీ చదివే వయసు.

బాపు చెప్పులు గట్టు కిందే విడిచి, దగ్గరికి పోయి నిలబడ్డాడు. "అన్నా, నేను నకిరేకల్ టాకీసు కాడి వైండింగాయన్ని" అన్నాడు.

ఆ పిల్ల దిగ్గున లేచింది. "ఎందుకొచ్చిన్రు ఇప్పుడు? గొర్రెలను చూడనీకె వచ్చిన్రా?"

"ఒర్రకు బిడ్డా, ఇంటికొచ్చిన మనిషి" అని రైతు కసిరాడు. బాపు చేతులు జోడించాడు. "పిల్లను ఏమనకే. తప్పు నాది. అమాస నాడు నేను తియ్య. తెరిచి ఉంటదని నేనే రాయించిన."

నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల బాపును చూసింది, నన్ను చూసింది, నా చేతిలో ఫోన్ చూసింది. "నువ్వే రాసినవ్ గదా అక్కా?" అంది.

"అవ్. బాపుకు తెల్వదు. నేనే" అన్నాను. చెప్పాక ఏడుపొచ్చింది. నా ఏడుపు చూసి ఆ పిల్ల మొదట ముఖం తిప్పుకుంది, తర్వాత ఉన్నట్టుండి తనూ బావురుమంది. "మా నాయిన అమాస, ఎవలు తియ్యరు, రేపు పోదాం అన్నడు. మోత్కూరుల అన్ని షాపులు బందున్నయి. నేనే ఫోన్ల చూపిచ్చి, ఒక్కటి తెరిచున్నది నడువు నడువని తోలుకపోయిన. నీ మీద కాదు నాకు కోపం, నా మీదనే."

రైతు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నాకు అమాస యాదికే ఉండె అన్నా. కానీ రాసి ఉన్నదని పిల్ల చూపిచ్చింది. రాసి పెట్టినంక అబద్ధమెందుకు ఉంటది అనుకున్న. తెల్లారి మోత్కూరుల ఇస్తే అప్పటికే మస్తు మోటర్లు దిగినయి, మాది చేతికొచ్చేసరికి వారం దాటింది. మల్ల నకిరేకల్ దాక రానీకె మనసొప్పలే" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. అందుకే ఇంకా కష్టంగా తోచింది నాకు.

బాపు మోటారు దగ్గరికి నడిచాడు. దాన్ని నడిపించమని, చెయ్యి వేసి, కాసేపు కళ్లు మూసుకున్నాడు. స్టార్టర్ డబ్బా తెరిచి చూశాడు. కరెంటు ఎక్కువ తక్కువైతే మోటారును ఆపాల్సిన రిలేను ఎవరో తప్పించి తీగను నేరుగా కలిపేశారు. "గిందుకే కాలింది. గిట్లనే ఉంచితే ఇంకోసారి గూడ కాలుతది" అంటూ అక్కడే కూర్చుని, చెమటలు కారుతుంటే, మొత్తం విప్పి సరిగ్గా బిగించాడు. రైతు పక్కనే కూర్చుని పానాలు అందించాడు. ఇద్దరూ మోటార్ల గురించి, కరెంటు గురించి మాట్లాడుకున్నారు గానీ ఎండిన మడుల ఊసు మళ్లీ ఎత్తలేదు.

తర్వాత ఇంటికి తీసుకుపోయి చాయ్ పోశారు. పైసల మాట బాపు ఎత్తబోతే రైతు చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకేం వద్దన్నా. గా ఫోన్లది సక్కగ చెయ్యిండ్రి. ఇంకొకడు రావొద్దు నా తీరుగ."

అప్పుడు ఆ పిల్లే నా పక్కన కూర్చుని ఆ పేజీ అంతా కిందికి జరిపింది. ఏడు గడుల కింద ఇంకోటి ఉంది. ఫలానా తేదీన సెలవు అని విడిగా పెట్టుకోవచ్చు. నేను అంత కిందికి చూడనే లేదు. కంప్యూటర్ టీచర్ని! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల గోడ మీది క్యాలెండర్ దింపి, నల్ల సున్నలు వెతుకుతూ ఒక్కో అమావాస్య తేదీ చదివింది, నేను ఒక్కొక్కటే నింపాను. ఏడాదంతా నింపేదాకా ఇద్దరం లేవలేదు. అయిపోయాక తను నెమ్మదిగా, "అక్కా, నేను రాసింది తీసెయ్యాల్నా?" అంది.

నేను అవునందామనే అనుకున్నాను, దాచుకోవడమెందుకు. ఈలోగా బాపు అందుకున్నాడు. "వద్దు బిడ్డా. పంట ఎండింది నిజమే గద. నువ్వు తుడిచేస్తె గొర్రెలు మేసిన మడి మల్ల పచ్చగైతదా? ఉండనీ." అది అలాగే ఉంది. ఇప్పుడు చూసినా ఉంటుంది.

తిరుగు దారి పట్టాం. నాకు ఉగాదే కళ్ల ముందు ఆడుతోంది. ఇంకో రెండు వారాలు కూడా లేదు. ఆ ఒక్క చుక్క పడ్డ నాటి నుంచి కొత్తవాళ్ల ఫోన్లు తగ్గాయి, బాపు అది గమనించాడని నాకు తెలుసు. ఇక హైదరాబాదు తప్పదు, అది నా చేతులారా చేసిందే అనుకుంటూ నడుపుతున్నాను. మోత్కూరు దాటాక వెనక నుంచి బాపు నా భుజం తట్టాడు.

"మీ మామకు ఫోన్ చేసి చెప్పు. గేటు కాడికి వేరెవలనన్న చూసుకొమ్మను. నేను పోను."

"గిరాకి తగ్గింది గద బాపూ. నా వల్లనే."

"తగ్గితే తగ్గనీ. ముప్పై ఏండ్ల సంది నన్ను ఎరిగినోళ్లే నమ్మిండ్రు అనుకున్న. గా మనిషి నన్ను ఎన్నడు చూడలే. అమాస అని తెలిసి గూడ, నా షాపు తెరిచున్నదని రాసుంటె నమ్మి గంత దూరం మోటరు ఏసుకొచ్చిండు. గసొంటోని పొలం ఎండబెట్టి, నేను పోయి ఎవల గేటు కాడనో నీడకు కూసుంటనా?"

నాకు రోడ్డు కనబడలేదు. బండి పక్కకు తీసి ఆపాను. "ఏమైందే" అంటూ బాపు దిగాడు. నేను హెల్మెట్ తీయకుండానే, ఆయనకు ముఖం చూపించకుండా, ఆ రోడ్డు పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.